కోచ్‌ని తిట్టే ముందు ఒకసారి పైకి చూడండి: యూనివర్సిటీ టీమ్ మీద కడుపు మండిపోతున్న ఫ్యాన్ ఏం చెయ్యాలి

ఎంఎస్‌కి వచ్చిన మొదటి సెమిస్టర్‌లో ఈ అమెరికన్ ఫుట్‌బాల్ నాకు ముక్క అర్థం కాలేదు, చేత్తో పట్టుకుని పరిగెత్తేదాన్ని ఫుట్‌బాల్ అంటారేంట్రా అని నవ్వుకున్న బ్యాచే మాది కూడా. స్టేడియంలో ఫుడ్ కౌంటర్ దగ్గర ఆన్‌క్యాంపస్ జాబ్ దొరికింది కాబట్టి వెళ్లా, అంతే. నవంబర్‌లో ఒక శనివారం, సన్నగా వాన, మూడో క్వార్టర్, మనవాళ్లు అప్పటికే ఇరవై పైచిలుకు పాయింట్లు వెనక. కౌంటర్ ముందు లైనే లేదు. ఒక పెద్దాయన ప్లాస్టిక్ రెయిన్‌కోట్ వేసుకుని కాఫీకి వచ్చి, డబ్బులిస్తూ ఎదురుగా ప్రెస్‌బాక్స్ పక్కన యూనివర్సిటీ పెద్దలు కూర్చుని చూసే గదులు, సూట్లు అంటారు, వాటి వైపు వేలు చూపించాడు. లైట్లు ఆర్పేసి ఉన్నాయి. హాఫ్‌టైమ్‌కే వెళ్లిపోతారు వాళ్లు, ముప్పై ఏళ్లలో కోచ్‌లు మారారు గానీ ఆ లైట్లు ఆరే టైమ్ మాత్రం మారలేదు అన్నాడు. నాకప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు నేనూ ఆయనలాగే అయిపోయా, సీజన్ టికెట్ కొనుక్కుని మరీ ఏడుస్తున్నా.

మన బ్యాచ్ వాట్సాప్ గ్రూప్‌లో ప్రతి శనివారం రాత్రి ఒకటే గోల, కోచ్‌ని పీకెయ్యాలి, క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ముఖ్యమైన ఆటగాడు) వేస్ట్, అసలు ఈ యూనివర్సిటీకి ఆటలంటే లెక్కే లేదు అని. మూడో మాట నిజమా కాదా అన్నది తేల్చుకోవచ్చు, తేల్చుకున్నాక సరైన మనిషిని నిలదియ్యొచ్చు కూడా. అది ఎలాగో నేను నాలుగైదేళ్లుగా పడ్డ పాట్లలోంచి చెప్తున్నా. ప్రెస్ కాన్ఫరెన్సుల్లో అందరూ ఛాంపియన్‌షిప్ అనే అంటారు కాబట్టి వాటిని పక్కన పెట్టేసి కాగితాలు చూడటం నేర్చుకోండి, ముఖ్యంగా డబ్బు కాగితాలు, సంతకం కాగితాలు.

మొదట ఎవరి చేతిలో ఏముందో తెలియాలి. కోచ్ పైన అథ్లెటిక్ డైరెక్టర్, అందరూ ఏడీ అంటారు. ఏడీ పైన ప్రెసిడెంట్, కొన్ని చోట్ల ఛాన్సలర్. ఆయన పైన బోర్డు, ఒక్కో రాష్ట్రంలో ఒక్కో పేరు, ట్రస్టీలు, రీజెంట్లు, వర్జీనియాలో అయితే బోర్డ్ ఆఫ్ విజిటర్స్. పబ్లిక్ యూనివర్సిటీల్లో ఈ బోర్డు మెంబర్లను చాలా రాష్ట్రాల్లో గవర్నర్ వేస్తాడు, కొన్ని చోట్ల ఓటేసి ఎన్నుకుంటారు. పెద్ద పెద్ద కాంట్రాక్టులు, స్టేడియం అప్పులు, స్టూడెంట్ ఫీజు పెంచడం, ఇవన్నీ చివరికి ఆ బోర్డు టేబుల్ మీదకే వస్తాయి. మనం మాత్రం తిట్లన్నీ కోచ్‌కీ, ఇరవై ఏళ్ల పిల్లలకీ పంచుతాం.

పైవాళ్లు తల్చుకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఇండియానా యూనివర్సిటీ చాలు. కాలేజ్ ఫుట్‌బాల్ చరిత్రలోనే ఎక్కువ మ్యాచ్‌లు ఓడిన టీమ్‌గా అప్పటికి పేరు, 2023లో 3 గెలిచి 9 ఓడారు. అప్పటి కోచ్‌ని పంపడానికి 15 మిలియన్ డాలర్ల పైన ఇచ్చుకుని, జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీ నుంచి కోచ్ కర్ట్ సిగ్నెటిని తెచ్చారు, ఆయనకి స్టాఫ్ కోసం, ప్లేయర్ల కోసం డబ్బు పెట్టారు. 2024లో 11-2, ప్లేఆఫ్. తర్వాతి సీజన్ ఒక్కటీ ఓడకుండా 2026 జనవరిలో నేషనల్ ఛాంపియన్. అందుకే "మనది ఫుట్‌బాల్ స్కూల్ కాదులే, బాస్కెట్‌బాల్ స్కూల్" (ఇక్కడ యూనివర్సిటీని కూడా స్కూల్ అనే అంటారు) అని ఎవరైనా అంటే నాకిప్పుడు ఒళ్లు మండుతుంది, ఇండియానా కంటే బాస్కెట్‌బాల్ స్కూల్ ఏదుందండీ?

సరే, డబ్బు సంగతి. పబ్లిక్ యూనివర్సిటీ అయితే నైట్-న్యూహౌస్ కాలేజ్ అథ్లెటిక్స్ డేటాబేస్ అని ఫ్రీగా ఉంటుంది, ప్రతి స్కూలూ కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏకి ఏటా ఇచ్చే ఫైనాన్షియల్ రిపోర్టుల్లోని అంకెలు అందులో పెడతారు. ఆదాయం ఎక్కడి నుంచి వస్తోందో విడివిడిగా కనపడుతుంది, టికెట్లు, టీవీ, డోనర్లు, స్టూడెంట్ ఫీజు, యూనివర్సిటీ జేబులోంచి ఇచ్చేది, అన్నీ. ఖర్చు కూడా అలాగే. ఇంకోటి ఈడా (EADA) రిపోర్ట్, ఫెడరల్ ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్ సైట్‌లో ఉంటుంది, ప్రైవేట్ స్కూళ్లు కూడా అందులో ఉంటాయి, రిక్రూటింగ్ ఖర్చు, అంటే కొత్త ప్లేయర్లని తెచ్చుకోడానికి పెట్టేది, దొరుకుతుంది. కానీ ఒక తిరకాసు ఉంది, జాగ్రత్త. ఈడాలో యూనివర్సిటీ ఇచ్చిన సొమ్ము కూడా ఆదాయం కిందే కలిపేస్తారు, అందుకే చాలా స్కూళ్లకి ఆదాయం, ఖర్చు డాలర్‌తో సహా సరిగ్గా సరిపోయినట్టు కనపడతాయి. నేను మొదటిసారి చూసి మనోళ్లకి నష్టమే లేదురోయ్ అని గ్రూప్‌లో పెట్టేశా, అకౌంట్స్ తెలిసిన ఫ్రెండ్ ఒకడు గంటలో పరువు తీశాడు.

ఏం చూడాలంటే, ఒక్క ఏడాది అంకె చూసి ఊగిపోవద్దు, ఐదారేళ్లు వరసగా చూడండి. మీ కాన్ఫరెన్స్‌లో, అంటే మీ టీమ్ ఆడే లీగ్‌లో, మీ సైజ్ స్కూళ్లు ఓ నాలుగు తీసుకుని పక్కపక్కన పెట్టండి. ఒహాయో స్టేట్‌తోనో టెక్సాస్‌తోనో పోల్చుకుంటే ఏడుపే మిగులుతుంది. నాకు అన్నిటికన్నా ఎక్కువ చెప్పే లైన్ హెడ్ కోచ్ జీతం కాదు, అసిస్టెంట్ల జీతాల మొత్తం. హెడ్ కోచ్ జీతం పేపర్లో వస్తుంది కాబట్టి అది పెంచి చూపిస్తారు. కోఆర్డినేటర్లకీ, పొజిషన్ కోచ్‌లకీ, స్కౌటింగ్ వాళ్లకీ పెట్టేది ఎవరూ చూడరు, బిగించేది అక్కడే. మా స్కూల్లో మూడేళ్లలో ముగ్గురు డిఫెన్సివ్ కోఆర్డినేటర్లు మారారు, ప్రతిసారీ కోచ్‌కి మనుషుల్ని పట్టుకోవడం రాదు అనుకున్నాం. ఆ లైన్ చూశాక తెలిసింది, కాన్ఫరెన్స్‌లో మేమున్నది కింద నుంచి రెండో ప్లేస్, అదీ అదే మూడేళ్లూ. మంచోడు ఎందుకుంటాడు?

ఇక 2025 నుంచి ఇంకో కొత్త ప్రశ్న వచ్చింది, ఇది ఇప్పుడు అన్నిటికన్నా పెద్దది. ప్లేయర్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు సెటిల్‌మెంట్‌ని జడ్జి క్లాడియా విల్కెన్ 2025 జూన్ 6న ఓకే చేశారు. పాత ప్లేయర్లకి సుమారు 2.8 బిలియన్ డాలర్ల బకాయిలు ఒక ఎత్తు, అసలు మార్పు ఏంటంటే ఆ జూలై నుంచి యూనివర్సిటీలే ప్లేయర్లకి నేరుగా డబ్బివ్వొచ్చు, దీన్నే రెవెన్యూ షేరింగ్ అంటున్నారు. మొదటి ఏడాదికి ఒక్కో స్కూల్‌కి సుమారు 20.5 మిలియన్ డాలర్లు పరిమితి, అది ఏటా పెరుగుతూ పోతుంది. అది పరిమితి మాత్రమే, అంతా ఇవ్వాలని రూల్ లేదు. కాబట్టి అడగాల్సింది "మనం రెవెన్యూ షేరింగ్‌లో ఉన్నామా" అని కాదు, దానికి అవును అని చెప్పి నవ్వి వెళ్లిపోతారు. "పరిమితి దాకా ఇస్తున్నామా, ఇస్తే అందులో కొత్తగా పెట్టిన స్కాలర్‌షిప్పులు ఎంత, చేతికిచ్చే డబ్బు ఎంత" అని అడగాలి. ఎందుకంటే కొత్తగా పెంచిన స్కాలర్‌షిప్పుల్ని 2.5 మిలియన్ల దాకా ఆ పరిమితిలోనే లెక్క కట్టుకోవచ్చు. ఈ ప్రశ్నకి చాలా చోట్ల పొడి పొడి జవాబే వస్తుంది, అయినా అడగండి, నీళ్లు నమిలారంటే అది కూడా జవాబే కదా.

తర్వాత కాంట్రాక్టులు. పబ్లిక్ స్కూల్ కోచ్‌ల కాంట్రాక్టులు దాదాపు ఎప్పుడూ బయట దొరుకుతాయి, లోకల్ పేపర్ వాళ్లు కూడా పెడుతుంటారు. జీతం పేజీ దాటేసి తీసేస్తే ఎంత ఇవ్వాలో ఉన్న పేజీకి వెళ్లండి, బయౌట్ అంటారే అది. అక్కడ ఒక్క వాక్యం కోసం వెతకాలి, తీసేశాక ఆ కోచ్ వేరే ఉద్యోగం వెతుక్కోవాలా, అక్కడ వచ్చే జీతం మన బాకీలోంచి తగ్గుతుందా అని. దీన్ని మిటిగేషన్ అంటారు, చూడ్డానికి ఒక్క లైనే.

ఆ ఒక్క లైన్ విలువ ఎంతో చూడండి. టెక్సాస్ ఏ అండ్ ఎం 2023 నవంబర్‌లో కోచ్ జింబో ఫిషర్‌ని తీసేసింది, బాకీ సుమారు 76 మిలియన్ డాలర్లు. ఆ కాంట్రాక్ట్‌లో ఈ తగ్గింపు లేదు, ఆయన ఇంకెక్కడ పని చేసినా మొత్తం ఇవ్వాల్సిందే, 2031 దాకా వాయిదాలు. పెన్ స్టేట్ 2025 అక్టోబర్‌లో జేమ్స్ ఫ్రాంక్లిన్‌ని తీసేసినప్పుడు లెక్క 49 మిలియన్ల దగ్గర ఉంది, కానీ ఆ కాంట్రాక్ట్‌లో తగ్గింపు ఉంది, నెల తిరక్కముందే... కాదు, నెల దాటి కొన్ని రోజులకి ఆయన వర్జీనియా టెక్‌లో చేరాడు, బాకీ 9 మిలియన్లకి దిగింది. జింబో సంగతిలో ఫ్యాన్స్ తిట్టింది ఆయన్ని. 2020లో 9-1 సీజన్ వచ్చిందన్న సంబరంలో 2021లో ఆ కాంట్రాక్ట్ పొడిగించింది మాత్రం ఆఫీసుల్లో కూర్చున్నవాళ్లు. ఇచ్చిన డబ్బు ఎవరు మాత్రం వద్దంటారు, నేనైతే అనను.

అదే వర్జీనియా టెక్‌ని ఇంకో కారణానికి కూడా గుర్తుపెట్టుకోండి. 2025 సెప్టెంబర్‌లో కోచ్‌ని తీసేశాక, కొత్త కోచ్‌ని వెతకడం పూర్తి కాకముందే, వాళ్ల బోర్డు అథ్లెటిక్స్‌కి నాలుగేళ్లలో 229 మిలియన్ డాలర్లు అదనంగా పెట్టే ప్లాన్‌ని ఓటేసి పాస్ చేసింది. అది పని చేస్తుందా లేదా అన్నది వేరే సంగతి, ఓడిపోవచ్చు కూడా. కానీ కమిట్‌మెంట్ అంటే ఎలా ఉంటుందో అదీ, బోర్డు పేరు, తారీఖు, అంకె, ఓటు. మీ ప్రెసిడెంట్ ఈమెయిల్‌లో ఈ నాలుగింట్లో ఏదీ లేకపోతే అది సంక్రాంతి గ్రీటింగ్ కార్డ్ లాంటిదే, బావుంది అనుకుని పక్కన పెట్టండి.

బయట దొరకని కాగితం కావాలంటే పబ్లిక్ రికార్డ్స్ రిక్వెస్ట్ పెట్టాలి. మనోళ్లు దీనికి భయపడతారు, లాయర్ కావాలేమో అని. అక్కర్లేదు, యూనివర్సిటీ సైట్‌లో రికార్డ్స్ ఆఫీస్ అని వెతికితే ఒక ఫారం లేదా ఈమెయిల్ ఐడీ ఉంటుంది. వర్జీనియా, టెన్నెసీ లాంటి కొన్ని రాష్ట్రాల్లో మాత్రం ఆ రాష్ట్రం వాళ్లకే హక్కు, బయట ఉంటే అక్కడ ఉన్న ఫ్రెండ్‌తో పెట్టించండి. నా మొదటి రిక్వెస్ట్ ఎంత దరిద్రంగా రాశానంటే, "గత పదేళ్లలో అథ్లెటిక్స్ ఖర్చులకి సంబంధించిన అన్ని పత్రాలూ, ఈమెయిళ్లూ" అని. వెతకడానికి ఇన్ని గంటలు పడుతుంది, గంటకి ఇంత అని ఒక బిల్లు అంచనా వచ్చింది, చూసి ల్యాప్‌టాప్ మూసేశా. రెండోసారి ఇలా రాశా: "ఫలానా ఆర్థిక సంవత్సరానికి ఎన్‌సీఏఏకి సమర్పించిన మెంబర్‌షిప్ ఫైనాన్షియల్ రిపోర్ట్, పీడీఎఫ్ కాపీ." ఒక్క డాక్యుమెంట్, ఒక్క సంవత్సరం, వాళ్ల దగ్గర ఆల్రెడీ తయారుగా ఉన్నది. మూడు వారాల్లో ఫ్రీగా వచ్చింది. డాక్యుమెంట్‌కి దాని అసలు పేరు పెట్టి అడగడమే కిటుకు, ఇంకేం లేదు. మర్యాదగా రాయండి, అవతల చదివేది ఏడీ కాదు, ఎవరో పాపం ఆఫీస్ ఉద్యోగి.

ప్రైవేట్ యూనివర్సిటీ అయితే ఈ చట్టాలు మామూలుగా వర్తించవు. అక్కడ ఫారం 990 చూడాలి, లాభాపేక్ష లేని సంస్థలు ఏటా ట్యాక్స్ వాళ్లకి ఇచ్చేది అది, ఎక్కువ జీతం తీసుకునేవాళ్ల పేర్లు అందులో వస్తాయి, చాలా చోట్ల కోచ్ జీతం ప్రెసిడెంట్‌ది దాటి ఉంటుంది. ఏడాది రెండేళ్లు పాతగా ఉంటుంది గానీ ఏమీ లేనిదానికన్నా నయం.

ఇప్పుడు ఈ కోపాన్ని ఎక్కడ పెట్టాలి. ఒకటి ముందే చెప్తున్నా, ప్లేయర్లకి మెసేజ్‌లు పెట్టొద్దు. ఓడినరోజు రాత్రి ఇన్‌స్టాలో ఒక పిల్లాడి కింద తిట్లు చూస్తే నాకు సిగ్గేస్తుంది, వాడు మన కజిన్ వయసువాడు. రిక్రూట్‌లని, అంటే ఇంకా హైస్కూల్లో ఉన్నవాళ్లని, మా స్కూల్‌కి రండి అని బతిమాలొద్దు కూడా. మీరు అథ్లెటిక్స్‌కి ఎప్పుడైనా డొనేషన్ ఇచ్చి ఉంటే ఎన్‌సీఏఏ లెక్కలో మీరు బూస్టర్, ఒకసారి అయితే జీవితాంతం బూస్టరే, మీ అత్యుత్సాహం స్కూల్ మెడకి చుట్టుకోవచ్చు.

గోల చేస్తే పనవుతుందా అంటే అవుతుంది, కాకపోతే ఏ రకం గోల అన్నది ముఖ్యం. టెన్నెసీ ఫ్యాన్స్ 2017 నవంబర్ 26న ఒక్క ఆదివారంలో గ్రెగ్ షియానోని కోచ్‌గా రాకుండా ఆపేశారు, వారం తిరక్కుండా ఏడీ కుర్చీ కూడా పోయింది. అబ్బ ఏం దెబ్బ అనుకున్నాం అందరం. తర్వాత వచ్చిన జెరెమీ ప్రూయిట్ రిక్రూటింగ్ ఉల్లంఘనలతో 2021 జనవరిలో పోయాడు, 2023లో ఎన్‌సీఏఏ స్కూల్‌కి 8 మిలియన్ డాలర్ల పైన ఫైన్ వేసింది. ఒకరిని వద్దనడం వచ్చింది గానీ తర్వాత ఎవరు, ఎలా అన్నదానికి ఆ గోలలో జవాబు లేదు.

దానికన్నా నాకు అలబామాలోని యూఏబీ అనే యూనివర్సిటీ కథ ఇష్టం. 2014 డిసెంబర్ 2న ప్రెసిడెంట్ రే వాట్స్ డబ్బు సరిపోవట్లేదని ఫుట్‌బాలే మూసేస్తున్నాం అన్నాడు, అప్పుడే టీమ్ 6-6తో పదేళ్లలో మొదటిసారి బౌల్‌కి, అంటే సీజన్ చివర ఆడే ప్రత్యేక మ్యాచ్‌కి, అర్హత తెచ్చుకుంది పాపం. ఫ్యాన్స్, పూర్వ విద్యార్థులు, ఊళ్లోని వ్యాపారస్తులు రోడ్డెక్కారు, అక్కడితో ఆగకుండా యూనివర్సిటీ చూపించిన లెక్కల్ని ఇంకొకరితో మళ్లీ వేయించారు, విరాళాలు రాసిచ్చారు. 2015 జూన్ 1న టీమ్ వెనక్కి వచ్చింది, 2017లో ఆట మొదలుపెట్టి మొదటి సీజన్‌లోనే 8 గెలిచారు, 2018లో కాన్ఫరెన్స్ ఛాంపియన్లు. స్టాన్‌ఫర్డ్‌లో కూడా అంతే, 2020 జూలైలో 11 ఆటలు తీసేస్తామన్నారు, పాత అథ్లెట్లు ఏకమై డబ్బు ప్లాన్ పెట్టారు, కోర్టుకీ వెళ్లారు, 2021 మేలో నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. రెండు చోట్లా చేతిలో అంకెలున్నాయి, చెక్కులున్నాయి.

మన దగ్గర అంత చెక్కులెక్కడివి అంటారా, ఉన్నదాంతోనే చెయ్యొచ్చు. సీజన్ టికెట్ రెన్యూవల్ ఫారం వచ్చినప్పుడు ఊరికే వదిలెయ్యకండి. రెన్యూ చేసినా చెయ్యకపోయినా, టికెట్ ఆఫీస్ వాళ్లకి నాలుగు లైన్ల ఈమెయిల్ రాయండి, ఏ సీటు, ఎన్నేళ్ల నుంచి, ఎందుకు మానేస్తున్నారు, ఏం చూస్తే మళ్లీ వస్తారు. మానేసిన వాళ్ల లెక్క ఏడీ టేబుల్ మీదకి వెళ్తుంది, సీటు ఖాళీ అయ్యిందని తెలుస్తుంది గానీ కారణం మీరు చెప్తేనే తెలుస్తుంది. సీటు కోసం కట్టించుకునే డొనేషన్ మీద ఒకప్పుడు 80 శాతం ట్యాక్స్ మినహాయింపు ఉండేది, 2018 నుంచి అది లేదు, కాబట్టి మీరు ఇచ్చే ప్రతి డాలర్ పూర్తిగా మీ జేబుదే, అడిగే హక్కు కూడా అంతే అనుకోండి. డొనేషన్ ఇవ్వాలనిపిస్తే దేనికి వాడాలో రాసి ఇవ్వండి, ఊరికే జనరల్ ఫండ్‌లో పడెయ్యకుండా.

ఇంక అందరూ మర్చిపోయేది బోర్డు మీటింగ్. పబ్లిక్ యూనివర్సిటీ బోర్డు మీటింగులు బహిరంగంగానే జరుగుతాయి, తేదీలు, అజెండా ముందే పెడతారు, చాలా చోట్ల బయటివాళ్లు మాట్లాడటానికి కాస్త టైమ్ ఇస్తారు, ముందే పేరు రాయించుకోవాలి. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి, ఒక్కరూ మిగతావాళ్లు చెప్పిందే చెప్పకుండా పంచుకోండి. టీమ్ షర్టు వద్దు, మామూలు చొక్కా చాలు. కాగితం మీద రాసుకుని ఇంట్లో టైమర్ పెట్టి చదవండి, మన ఇంగ్లిష్ ఎలా ఉంటుందో అని బెంగపడకండి, అంకె చెప్పేటప్పుడు యాస ఎవరూ పట్టించుకోరు. కోచ్ పేరు ఎత్తొద్దు. ఒక్కటే ప్రశ్న, దానికి ముందు రెండు అంకెలు.

నాకు మూడు నిమిషాలిచ్చారు. చేతులు వణుకుతున్నాయి, వీసా ఇంటర్వ్యూ తర్వాత అంత వణకడం అదే. అసిస్టెంట్ల జీతాల్లో మనం కాన్ఫరెన్స్‌లో ఎక్కడున్నాం, మూడేళ్లుగా అక్కడే ఎందుకున్నాం, ఎప్పటికల్లా మధ్యకి తెస్తారు అని అడిగి కూర్చున్నా. చైర్మన్ థాంక్యూ అని తర్వాతి పేరు పిలిచాడు, అంతే, ఎవరూ జవాబివ్వలేదు. దీనికేనా సెలవు పెట్టుకుని వచ్చింది అనుకుంటూ బయట కారిడార్‌లో జాకెట్ వేసుకుంటుంటే ఒక ట్రస్టీ వెనకాలే వచ్చింది, ఆ అంకె ఎక్కడ దొరికింది, మాకిచ్చిన ఫోల్డర్‌లో లేదే అంది. మీ యూనివర్సిటీ ఎన్‌సీఏఏకి ఇచ్చిన రిపోర్టే మేడమ్ అని నా కాపీ ఆవిడ చేతిలో పెట్టా, పసుపు రంగు మార్కర్‌తో గీసిన పేజీ పైకి కనపడేలా మడిచి.